ఒకే పుట మీద రెండు చేతులు

మెదడువాపు జ్వరం వచ్చి తగ్గాక ఓలేటి నూకరత్నానికి పాతవన్నీ మిగిలాయి గానీ కొత్తది ఒక్కటీ నిలవడం మానేసింది. కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి. ఏ ఊరికి ఏ కోడో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పేది. పొద్దున తిన్న ఇడ్లీ మాత్రం పదింటికి గుర్తుండేది కాదు. ఏ సంగతినైనా ఆవిడ మెదడు నాలుగైదు నిమిషాలు పట్టుకునేది, ఆపైన వదిలేసేది. హార్బర్లో ఓడల్ని లాగే టగ్గు బోటుకి సరంగుగా చేసి రిటైరైన భర్త సింహాద్రి, ఆవిడ అడిగిన మాటకే రోజుకి ఇరవైసార్లు జవాబు చెబుతూ రెండేళ్ళు గడిపాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

అలాంటి మనిషికి ఊరి చివరి పరిశోధనశాల వాళ్ళు చెవి వెనక, చర్మం కింద, చింతగింజంత పరికరం అమర్చారు. దాని పేరు అల్లిక. చుట్టూ వినబడే మాటల్ని ఏరి, జ్ఞాపకంగా కట్టి, మెదడులో పెంచిన సన్నటి నరప్పోగు మీద రాయడం దాని పని. పెట్టిన మూడో రోజు పొద్దున ఆవిడ నిద్ర లేచి, "నిన్న చారులో ఉప్పెక్కువైంది బావా" అంది. సింహాద్రి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని పావుగంటదాకా బయటకు రాలేదు.

అల్లికలో నడిచే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం హెప్సిబాది. అందరూ పనిచేస్తోందని సంతోషిస్తుంటే ఎక్కడ పనిచేయదో చూపించాల్సిన మనిషి. వారానికోసారి పరీక్షల కోసం వచ్చే నూకరత్నంతో ఆమెకు బాగా కలిసింది. పిన్నిగారూ అని పిలిచేది. ఆవిడ "హెప్సీ, చిక్కిపోతన్నావేంటమ్మా" అంటూ స్టీలు డబ్బాలో ఏదో ఒకటి తెచ్చిపెట్టేది. తల్లి చిన్నప్పుడే పోయిన హెప్సిబాకి ఆ డబ్బా కోసమే మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

ఇంటివాళ్ళు నెలకోసారి ఒక కాగితం నింపి పరిశోధనశాలకు పంపాలి. ఆరో నెల కాగితంలో నూకరత్నం కూతురు గౌరి ఇలా రాసింది: "అమ్మకి దాదాపు అన్నీ గుర్తుంటున్నాయి. మా పెద్దమ్మ పోయిన సంగతి మాత్రం నిలవడం లేదు. మూడు నెలల్లో తొమ్మిదిసార్లు తెలిసింది. తెలిసినప్పుడల్లా కొత్తగా ఏడుస్తుంది, కాసేపటికి అక్కకి ఫోన్ చెయ్యమంటుంది. ఇంకొన్ని చిన్న చిన్న సంగతులు కూడా నిలవలేదు, తేదీలతో రాస్తున్నాను."

ఆ పెద్దమ్మ పేరు వరహాలమ్మ, యానాంలో ఉండేది. తల్లి లేని చెల్లెల్ని తానే పెంచింది.

ల్యాబు పెద్ద డాక్టర్ రాజ్యలక్ష్మి కాగితం చదివి కళ్ళజోడు తీసింది. "ఇది పరికరం తప్పు కాదు హెప్సిబా. అంత దుఃఖాన్ని మనసే ఒప్పుకోదు. మన గదిలో ఆరు నెలల్లో ఒక్క మాట పోయిందా?"

"పోలేదు మేడం."

"వచ్చే నెల ఇంకో నలభైమందికి పెడుతున్నాం. లేని తప్పుని వెతక్కు."

హెప్సిబా సరేనంది గానీ కాగితం వెనకాల ఉన్న చిన్న జాబితా ఆమెని వదల్లేదు. అందులో పద్నాలుగు తేదీలున్నాయి. వరహాలమ్మ సంగతి తొమ్మిది. మిగతా అయిదూ గ్యాసు సిలిండరు రావడం, పక్కింటివాళ్ళ కుక్క ఈనడం లాంటివి. పెద్దమ్మ చావుని మనసు ఒప్పుకోకపోవచ్చు. కుక్కపిల్లల్ని ఎందుకు ఒప్పుకోదు?

ఆదివారం పొద్దున ఆమె జగన్నాథపురంలోని వాళ్ళింటికి వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే చెవులు గింగురుమన్నాయి. కుక్కరు కూత, టీవీలో వంటల కార్యక్రమం, మేడ మీంచి దిగుతూనే మాట్లాడే గౌరి, ఆమె ఇద్దరు కూతుళ్ళు, పెరట్లోంచి కేకేసే సింహాద్రి. ఆ ఇంట్లో ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగడమనే అలవాటు లేదు. నూకరత్నం ఆ గోల మధ్య కూర్చుని కొబ్బరి కోరుతూ నలుగురికీ నాలుగు జవాబులు చెబుతోంది. ఆవిడ ముఖం ల్యాబులో ఎప్పుడూ అంత వెలిగి ఉండగా హెప్సిబా చూడలేదు.

పెద్ద మనవరాలు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మమ్మా, నన్ను ఖోఖో టీములోకి తీసుకున్నారు." ఆ మాట పూర్తవుతుండగానే చిన్నది వెనకనుంచి, "అమ్మమ్మా, నా నీలం రిబ్బను ఎక్కడెట్టేవు?" అంది.

నూకరత్నం పెద్దదాని బుగ్గలు పుణికి, చిన్నదానికి దండెం చూపించింది. పావుగంట తర్వాత పెద్దది అడిగింది: "అమ్మమ్మా, ఆటకి నువ్వు కూడా వస్తావా?"

"ఏ ఆటమ్మా?"

పిల్ల ముఖం చిన్నబోయింది. "రిబ్బను దొరికిందా?" అని నూకరత్నం చిన్నదాన్ని అడుగుతోంది. హెప్సిబా కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. రిబ్బను నిలిచింది, ఖోఖో పోయింది.

మర్నాడు ల్యాబులో ఆమె రెండు గొంతుల్ని రికార్డు చేసి, పరీక్షల కోసం అక్కడ ఉంచుకున్న ఇంకో అల్లికకి వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటి పెడితే రెండూ నిలిచాయి. రెండూ సరిగ్గా కలిపి మొదలుపెడితే, రెంటినీ ఒకే ముక్కగా కట్టింది, నిలిచాయి. రెండో గొంతుని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ మధ్యాహ్నందాకా కూర్చుంది. మొదటి మాట పూర్తయిన మరుక్షణం, రెప్పపాటు తేడాతో రెండోది మొదలైన చోట, మొదటి మాట మాయమైంది. మళ్ళీ చేసింది. మళ్ళీ మాయమైంది. పదకొండుసార్లు చేసింది, పదకొండుసార్లూ అంతే.

రాజ్యలక్ష్మి గదిలో గోడకి వంతుల పట్టిక అంటించి ఉంది. హెప్సిబా దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఇవాళ్టి పుట అనుకోండి మేడం. అల్లిక కొత్త మాట రాయాలంటే పుట మీద నేరుగా రాయదు. నకలు తీసుకుని, అందులో చేర్చి, తెచ్చి పాతదాని చోట పెడుతుంది. ఇప్పుడు మీరొక నకలు రాసుకోండి, నేనొకటి రాసుకుంటాను."

ఇద్దరూ రాసుకున్నారు. రాజ్యలక్ష్మి తన నకల్లో ఒక పేరు చేర్చి బల్ల మీద పెట్టింది. హెప్సిబా తన నకల్లో ఇంకో పేరు చేర్చి తెచ్చి, దాన్ని తీసేసి తనది పెట్టింది.

"నేను రాసిన పేరేదీ?" అంది రాజ్యలక్ష్మి.

"నేను నకలు తీసుకునేప్పటికి మీరింకా మీ పేరు చేర్చలేదు కదా. నా చేతిలో ఉన్నది పాత పుట. తప్పు మీరూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఎవరి పని వాళ్ళం సరిగ్గానే చేశాం. కాకపోతే ఒకే పుట మీద ఇద్దరి చేతులు పడ్డాయి. మన గదిలో అందరం మర్యాదగా ఒకరి తర్వాత ఒకరం మాట్లాడతాం, అందుకే ఆరు నెలలైనా బయటపడలేదు."

రాజ్యలక్ష్మి తన కాగితం తీసి పక్కన పెట్టింది. "పొరపాటున జరిగేది కొంచెమే కదా?"

"పొరపాటున కొంచెమే. తెలిసినవాడు కావాలని చెయ్యొచ్చు మేడం. పిన్నిగారి ముందు ఒకడు అబద్ధమాడి కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు, వాడి పక్కనున్నవాడు సరిగ్గా ఆ క్షణానికి టైమెంతయిందని అడుగుతాడు. ఆవిడకి టైము గుర్తుంటుంది, సంతకం గుర్తుండదు. దీన్ని సరిచెయ్యకుండా నలభైమందికి పెడితే నలభైమంది తలలకి గడియలేని తలుపులు పెట్టినట్టే."

నలభైమంది సంగతి వాయిదా పడింది.

ఎవరి మాట పోయిందో, ఏ గొంతు దాని మీద పడిందో తెలుసుకోవాలని ఆ సాయంత్రం హెప్సిబా నూకరత్నం అల్లికలోని చిట్టా తీసింది. అల్లిక మాటల్ని దాచదు గానీ ఏ గొంతు ఏ క్షణాన మొదలైందో రాసి పెట్టుకుంటుంది. గౌరి ఇచ్చిన తేదీలు పక్కన పెట్టుకుని చూసింది. చిన్న సంగతులు అయిదింటిలో రకరకాల గొంతులున్నాయి. వరహాలమ్మ సంగతి తొమ్మిదిసార్లలో, చెప్పినవాళ్ళు వేరువేరు. దాని మీద పడ్డ గొంతు మాత్రం తొమ్మిదిసార్లూ ఒక్కటే. మొదటిసారి తేడా కాస్త అటూ ఇటూగా ఉంది. రెండోసారి నుంచి, గురి చూసి కొట్టినట్టు, మాట పూర్తయిన మరుక్షణమే పడింది. అది సింహాద్రి గొంతు.

మర్నాడు పొద్దున్నే పాత హార్బరు గట్టు మీద ఆయన దొరికాడు. రిటైరైనా రోజూ ఓ గంట బోట్లు చూసి వెళ్ళడం ఆయనకి అలవాటు. హెప్సిబా పక్కన కూర్చుని, చిట్టా కాగితం ఒళ్ళో పెట్టుకుని, చూసింది చూసినట్టు చెప్పింది.

ఆయన కాదనలేదు.

"మొదటిసారి నాకేం తెలీదమ్మా. యానాం నుంచి ఫోనొచ్చింది. గౌరి ఏడుస్తా వాళ్ళమ్మకి చెప్పేసింది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగుతుంటే, రత్నం పాలు అని అరిచేను. అది కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. అయిదు నిమిషాలకి కళ్ళు తుడుచుకుని, బావా నేనెందుకేడుస్తన్నాను అని అడిగింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. పాలు పొంగిన సంగతి మాత్రం దానికి గుర్తుంది."

"అప్పుడు కనిపెట్టారా?"

"మూణ్ణాలుగు రోజులు ఆలోచించేను. దాని మీద నా మాట పడబట్టే పోయిందని అనుమానమొచ్చింది. పలకరింపుకి వచ్చినోళ్ళు ఎత్తినప్పుడల్లా నేను కాసుక్కూర్చునేవాణ్ణి. ఓడ పక్కకి తాడు ఎప్పుడు విసరాలో తెలిసినోణ్ణి కదా, ఆ క్షణం పట్టుకోడం పెద్ద కష్టం కాలేదు. మంచినీళ్ళు తెమ్మనో, తలుపెయ్యమనో ఏదో అనేవాణ్ణి." ఆయన గొంతు తగ్గింది. "అక్కంటే దానికి అమ్మ. ఇంత జబ్బు పడి లేచింది. ఆ ఒక్కటీ దానికి తెలీకుండా పోతే నా సొమ్మేం పోయిందమ్మా? మందేదో దేవుడే చేతిలో పెట్టేడనుకున్నాను."

హెప్సిబాకి ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. కానీ చెప్పక తప్పదు.

"బాబాయిగారూ, మీరు ఆవిడకి ఆ కబురు తప్పించలేదు. మామూలుగా అయితే మనిషికి అలాంటి కబురు మొదటిసారి వినడం ఒక్కసారే ఉంటుంది. ఆపైన ఏడుస్తాం, తలుచుకుంటాం, మెల్లిగా అలవాటు పడతాం. పిన్నిగారికి ఆ మెల్లిగా అన్నది లేకుండా పోయింది. అక్క చచ్చిపోయిందని మొదటిసారి వినడమే తొమ్మిదిసార్లు అయింది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. వేళ్ళు మడుస్తూ ఏవో రోజులు గుర్తు చేసుకుంటున్నట్టు కనిపించాడు. సగంలో ఆపేసి చేతులు ఒళ్ళో పడేసుకున్నాడు.

"నేనది ఆలోచించలేదమ్మా" అన్నాడు చివరికి.

హెప్సిబా లేవబోతుంటే, "మిగతా అందరివీ బాగుచెయ్యి. మా రత్నందొక్కటీ ఇలాగే వదిలేస్తే ఎవరికి నష్టం?" అన్నాడు. అడగకూడదని తెలిసి అడుగుతున్నట్టుంది ఆ గొంతు.

హెప్సిబాకి ఒక్క క్షణం స్టీలు డబ్బా గుర్తొచ్చింది. ఆవిడ ఏడవకుండా ఉంటే తనకీ బాగానే ఉంటుంది. "ఆ జ్ఞాపకం ఆవిడది బాబాయిగారూ. మీది కాదు, నాది కాదు" అంది.

తప్పు సరిచేయడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదట గడియ పెట్టింది. పుట ఒకరి చేతిలో ఉన్నంతసేపూ ఇంకే మాటా దాన్ని తాకకూడదు, వరుసలో ఆగాలి. ఏ మాటా పోలేదు. రెండు రోజులు పెట్టి చూశాక నూకరత్నమే ల్యాబుకొచ్చి ఫిర్యాదు చేసింది. "ఎవరో నా చెవి దగ్గర నిలబడి అందర్నీ ఆగండాగండి అంటున్నట్టుందే హెప్సీ. పిల్లలు అడిగిందానికి నేను జవాబు చెప్పేసరికి వాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోతన్నారు. నాలుగు లైన్లు ఒక్కసారి చూసినదాన్ని నేను. నన్నిలా కూచోబెట్టకు."

ఆ ఇంటి గోలే ఆవిడకి ప్రాణం. అది తీసేసి జ్ఞాపకాలు కాపాడితే ఏం లాభం అనిపించింది హెప్సిబాకి. వారం తిరిగేలోపు ఇంకో దారి దొరికింది. ఎవరూ ఆగక్కర్లేదు. నకలు ఎందరైనా తీసుకోవచ్చు. తిరిగి పెట్టేముందు మాత్రం, తాను తీసుకున్నప్పటి పుటే ఇంకా అక్కడుందా అని చూసుకోవాలి. ఉంటే పెట్టాలి. ఈలోగా ఎవరైనా మార్చి ఉంటే తన నకలు చించేసి, కొత్త పుట తీసుకుని, తన మాట మళ్ళీ అందులో చేర్చాలి. చూసుకోవడానికీ పెట్టడానికీ మధ్య సందు ఉండకూడదు. ఉంటే మళ్ళీ అదే కథ. ఆ రెండూ ఒకే కదలికగా జరిగేలా చేయడానికే ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత రెండు గొంతుల్ని లక్షసార్లు, తేడాలు మార్చి మార్చి వినిపించింది. ఒక్క మాటా పోలేదు.

శుక్రవారం దాన్ని నూకరత్నం అల్లికలోకి ఎక్కించాలి. అంతకు ముందురోజు సింహాద్రి ఫోన్ చేశాడు. "ఎక్కించాక ఎవరో వచ్చి నోరు జారితే రత్నం అలా వినకూడదమ్మా. నేనే చెప్తాను. యానాం తీసుకెళ్ళి చెప్తాను. నువ్వు కూడా రా. ఏదన్నా అయితే..."

శనివారం పొద్దున ముగ్గురూ బస్సులో యానాం వెళ్ళారు. అక్క ఇంటికి వెళ్తున్నామనే నూకరత్నం అనుకుంది. ఒళ్ళో పూతరేకుల పెట్టె పెట్టుకుని, "అక్కకి మెత్తగా ఉండాలి, పళ్ళు లేవు కదా" అని హెప్సిబాతో దారంతా చెబుతూనే ఉంది. హెప్సిబా కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టింది.

గోదావరి ఒడ్డున సిమెంటు బెంచీ దగ్గర సింహాద్రి ఆగాడు. "కాసేపు కూచుందాం రత్నం." హెప్సిబా నాలుగడుగుల అవతల మెట్ల మీద కూర్చుంది.

ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. "రత్నం, మీ అక్క పోయింది."

ఆవిడ పూతరేకుల పెట్టె వంక చూసింది, తర్వాత ఆయన వంక. ముఖం మెల్లిగా నలిగిపోయింది. ఏడుపు మొదట శబ్దం లేకుండా, తర్వాత గుండెలోంచి వచ్చింది. సింహాద్రి నోరు తెరిచి, మూసేశాడు. ఊరుకో అనలేదు. మంచినీళ్ళు తాగుతావా అనలేదు. ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా, పళ్ళు బిగబట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పరికరం ఇక పోగొట్టదని హెప్సిబా ఎంత చెప్పినా ఆయనకి నమ్మకం కుదరలేదు కాబోలు.

హెప్సిబా గడియారం చూస్తూ ఉంది. నాలుగు నిమిషాలు, అయిదు, ఆరు. ఏడో నిమిషంలో నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎప్పుడు పోయింది అక్క?"

"మూడు నెలలు దాటింది."

"మూడు నెలలా. ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదా?"

సింహాద్రి తల వంచుకున్నాడు. "చెప్పేరు. నేనే నిలవనివ్వలేదు." ఎలా చేసిందీ, ఎన్నిసార్లు చేసిందీ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ విన్నది. చెయ్యి వెనక్కి లాక్కుంది. నది వైపు తిరిగి కూర్చుంది.

"పెద్దకర్మ రోజున నేనెక్కడున్నాను?"

"ఇంట్లో. సినిమా చూస్తన్నావు."

"నన్ను మా అక్క దగ్గరికి తీసుకెళ్ళకుండా సినిమా చూపించేవా బావా" అంది ఆవిడ. ఆ మాటకి సింహాద్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం హెప్సిబా చూడకూడదనుకుంది గానీ చూపు తిప్పుకోలేకపోయింది.

కాసేపయ్యాక నూకరత్నం అటు తిరక్కుండానే చెయ్యి చాచి, తన కొంగు చివర ఆయన చేతిలో పెట్టింది. "తుడుచుకో. జనం చూస్తన్నారు." అని, "నాకు కోపం తగ్గలేదు" అంది.

తర్వాత వరహాలమ్మ చివరిదాకా ఉన్న ఆమె కూతురింటికి వెళ్ళారు. పటానికి దండ వేశారు. నూకరత్నం అక్క వంటింట్లోకి వెళ్ళి, గూళ్ళన్నీ ఒక్కొక్కటి తడిమి, తిరుగు బస్సెక్కేదాకా అక్క గురించి చెబుతూనే ఉంది. చిన్నప్పుడు జడ వేస్తూ ఎలా మొట్టేదో, తనకు ఉద్యోగమొచ్చిన రోజున ఊరంతా తిరిగి ఎలా చెప్పిందో. అడ్డం పడకుండా విన్నాడు సింహాద్రి.

ఆదివారం పొద్దున హెప్సిబా జగన్నాథపురం వెళ్ళింది. పరీక్ష ఫలితం రాసుకోవాలి. ఒక రాత్రి నిద్ర దాటాక ఆ సంగతి నిలిచిందా, పోయిందా. ఏం అడగాలో దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఇంట్లో ఎప్పటిలాగే కుక్కరు కూస్తోంది, టీవీ మోగుతోంది, పిల్లలిద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నూకరత్నం వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కళ్ళు బాగా వాచి ఉన్నాయి.

హెప్సిబా పక్కన కూర్చుని, అనుకున్న ప్రశ్నలన్నీ మర్చిపోయి, "ఎలా ఉన్నారు పిన్నిగారూ?" అని మాత్రం అడగగలిగింది.

"నిద్ర పట్టలేదమ్మా" అంది నూకరత్నం. "కళ్ళు మూస్తే చాలు, అక్కే గుర్తొస్తోంది."

హెప్సిబా సంచిలోంచి తీసిన కాగితం మళ్ళీ లోపల పెట్టేసి, ఆవిడ భుజం మీద తల ఆనించింది.